వడ్డించేవాడి మొదటి ముద్ద

దస్తగిరికి బిడ్డకు సూది వెయ్యాలంటే చెయ్యి వణుకుతోంది.

ఎవరో మామూలు తండ్రి అయితే పోనీలే అనుకోవచ్చు. ఈయన డాక్టరు. ఉత్త డాక్టరు కూడా కాదు, మెడికల్ కాలేజీలో కుర్రవాళ్ళకు పాఠాలు చెప్పే సారు. ఒంట్లో ఏ పని ఎట్లా జరుగుతుందో విడమరిచి చెప్పడం ఆయన ఉద్యోగం. అందులోనూ క్లోమం పాఠం ఆయన నోటనే వినాలి! పిల్లలు చెవి కోసుకునేవాళ్ళు. క్లోమంలో బీటా కణాలని ఉంటాయి. నెత్తుట్లో చక్కెర ఎంతుందో కనిపెట్టి, దానికి తగినంత ఇన్సులిన్ వదిలేది అవే. వాటి సంగతి ఎత్తుకున్నాడంటే దస్తగిరికి ఒళ్ళు తెలిసేది కాదు. గంట కొట్టినా ఆపేవాడు కాదు.

దేవుడికి ఇంకో ఇల్లు దొరకలేదు. ఆ కణాలు ఆయన కూతురి ఒంట్లోనే చచ్చిపోయాయి.

ఆ పిల్ల పేరు మెహరున్నీసా. మెహర్ అంటారు. ఒక్కతే బిడ్డ. గంతులేస్తూ బడికి పోయే పిల్ల ఉన్నట్టుండి చిక్కిపోయింది. బిందెడు నీళ్ళు తాగినా దాహం తీరేది కాదు. ఒకరోజు బడిలో సోలిపోయింది. రక్తపరీక్ష కాగితం చూడగానే తండ్రికి అంతా తెలిసిపోయింది. ఒంటిని కాయాల్సిన కావలి కణాలే ఎదురు తిరిగి బీటా కణాలను తినేశాయి. కంచే చేను మేసింది. ఎందుకు మేసిందయ్యా అంటే చెప్పే నాథుడు లేడు. ఇక బయటినుంచి సూదితో ఇన్సులిన్ ఇవ్వాల్సిందే, వేరే దారి లేదు.

"ఏడవద్దు హుసేన్‌బీ" అన్నాడు ఆ రోజు భార్యతో. "ఆ కణాల పని నాకు తెలిసినంతగా ఈ జిల్లాలో ఎవరికీ తెలీదు. అవి చేసే పని ఇక నేను చేస్తా."

మనిషి అనకూడని మాట అది. అన్నాడు.

ఇంట్లోకి కాటా వచ్చింది. అన్నం కాటా మీద, పప్పు కాటా మీద, అరటిపండు కోస్తే సగం కాటా మీద. పెట్టబోయే తిండికి లెక్క కట్టడం, వేలు గుచ్చి చిన్న మిషన్‌లో చక్కెర చూడటం, సూది వెయ్యడం, ఆ తర్వాత పళ్లెం ముందర పెట్టడం. పెట్టింది పెట్టినట్టు తినాలి. మెతుకు మిగలకూడదు, మెతుకు ఎక్కువ కాకూడదు. పక్కింట్లో పుట్టినరోజు చేస్తే ఈ పిల్ల తలుపు వేసుకుని కూచునేది. పిల్ల తింటున్నంతసేపూ తండ్రి ఎదురుగా కూచుని ముద్ద ముద్దా చూసేవాడు. తను మాత్రం తినేవాడు కాదు. కాలేజీలో ఎక్కడో ఏదో ఇంత కతికి వచ్చేవాడేమో గానీ, ఇంట్లో బిడ్డ ముందు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు.

"ఆయన తినడు, దాన్ని తిననీడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననియ్యదన్నట్టుంది మా కొంప" అని హుసేన్‌బీ తన అక్క దగ్గర ఏడ్చింది. మొగుడి ముందు మాత్రం నోరెత్తలేదు. ఎట్లా ఎత్తుతుంది? లెక్కలు బ్రహ్మాండంగా ఉన్నాయి. మిషన్‌లో అంకెలు చూసి పెద్ద పెద్ద డాక్టర్లే దస్తగిరి భుజం తట్టారు.

అట్లా మూడేళ్ళు గడిచాక ఒక ఆదివారం మధ్యాహ్నం, పళ్లెం ముందుకు రాగానే, మెహర్ ఇంకొక్క ముద్ద ఎక్కువ పెట్టమంది. లేదన్నాడు తండ్రి. ఆ పూట లెక్క అయిపోయింది, సూది కూడా వేసేశాడు. పిల్ల పళ్లెం తీసుకుని, పెరట్లో తింటానని పోయింది. ఆ ఒక్కసారి తండ్రి వెంట పోలేదు. పెరట్లో మేక ఉంది. అన్నమంతా మేక ముందు పెట్టేసి గోడకానుకుని కూచుంది. కోపం. పదమూడేళ్ళ పిల్ల కోపానికి కాటా ఎక్కడ తెస్తాం?

ఇన్సులిన్ ఒంట్లోకి పోయింది, తిండి పోలేదు. తండ్రి వచ్చి చూసేసరికి పిల్ల మట్టిలో పడి గిలగిలా కొట్టుకుంటోంది. నోటి వెంట నురగ. ఇట్లాంటి ఆపద కోసమే ఇంట్లో దాచిన సూది ఇంకొకటి ఉంటే, చక్కెరను పైకి లేపేది, అది తెచ్చి తొడలో పొడిచాడు. కాసేపటికి కళ్ళు తెరిచింది. తెరిచి, తండ్రి మొహం చూసి అడిగింది.

"ఎందుకు లేపినావు నాయనా?"

అంతే. ఆ తర్వాత మళ్ళీ నోరు విప్పలేదు. చెయ్యి చాపమంటే చాపుతుంది. తినమంటే తింటుంది. లెమ్మంటే లేస్తుంది. పీనుగ అన్నం తిన్నట్టుందని హుసేన్‌బీ అనబోయి, తన నోరు తానే నొక్కుకుంది.

పిల్ల అన్న ఆ మాట దస్తగిరి గొంతులో ముల్లయి కూచుంది. మింగలేడు, కక్కలేడు. సూది పట్టుకుంటే వణుకు. ఎక్కువ వేస్తే చంపుతానేమో. తక్కువ వేస్తే చంపుతానేమో. సరిగ్గా వేసినా, బతకాలని లేని పిల్లను సూదితో ఎన్నాళ్ళు నిలబెట్టగలడు? క్లాసులో క్లోమం పాఠం వంతు వచ్చిన రోజు సెలవు పెట్టేశాడు. పెద్ద డాక్టరు దగ్గరికి పోదామని భార్య అంది. మనసు డాక్టరుకు చూపిద్దామని వాళ్ళ అక్క అంది. అన్నీ చేద్దామన్నాడు దస్తగిరి. ముందు మాత్రం తాత దగ్గరికి పోదామన్నాడు.

జమాల్ తాతది ఎర్రగుట్ట మీద చిన్న దర్గా. ఆయన సూఫీ ఫకీరు. దస్తగిరి డాక్టరు చదువు చదివే రోజుల్లోనే ఆయన చేతిలో చెయ్యి పెట్టి శిష్యుడయ్యాడు. తాత తాయెత్తు కట్టడు, నీళ్ళు మంత్రించి ఇయ్యడు. గుట్ట ఎక్కి వచ్చినోళ్ళకు మధ్యాహ్నం ఇంత అన్నం పెడతాడు. ఆయన మతమంతా అన్నం కుండలోనే ఉందని గిట్టనివాళ్ళు ఎగతాళి చేస్తారు. గిట్టినవాళ్ళు కూడా అదే మాట అంటారు.

ఆ అన్నం పెట్టే తీరులో ఒక తిరకాసు ఉంది. మన ఇండ్లలో వడ్డించే మనిషి ఆఖర్న తింటుంది. అడుగున మిగిలితే తింటుంది, లేకుంటే ఇన్ని మజ్జిగ తాగి పడుకుంటుంది. అదేదో గొప్పని మనం చెప్పుకుంటాం, సిగ్గు లేకుండా. తాత దగ్గర ఇదంతా తలకిందులు. వడ్డించేవాడు ముందు కూచుని, బంతిలో అందరూ చూస్తుండగా, అదే కుండలోంచి కొంచెం తినాలి. తిన్నాకనే గంటె చేతికొస్తుంది. కొత్తవాళ్ళు విడ్డూరంగా చూస్తారు. "ఇదేం ఎంగిలి వడ్డన సామీ?" అని ఒకాయన విస్తరి ముందునుంచి లేచిపోయాడు కూడా. తాత ఆయన్ను ఆపలేదు, ఆచారమూ మార్చలేదు.

ముగ్గురూ గుట్ట ఎక్కేసరికి పొద్దు నడినెత్తికి వస్తోంది. తాత పొయ్యి ముందు కూచుని పప్పు ఎనుపుతున్నాడు. దస్తగిరి కాళ్ళకు మొక్కబోతే, "పప్పు మాడుతుంది. తర్వాత మొక్కుదువులే" అన్నాడు.

మెహర్‌ను చూసి "ఏం తల్లీ" అన్నాడు. పిల్ల పలకలేదు. ఆయనా రెండోసారి అడగలేదు. తల్లీకూతుళ్ళు పోయి పందిరి కింద కూచున్నారు.

దస్తగిరి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తాతా, ఈ పూట వడ్డన నేను చేస్తా." నలుగురికి సేవ చేస్తే మనసుకు కొంచెం ఊపిరాడుతుందని ఆశ.

"మంచిది. కూచో, తిను."

"నాకొద్దు తాతా. వడ్డిస్తా, అంతే."

"తినకుంటే గంటె లేదు నాయనా."

"ఈ ఒక్క పూటకు..."

తాత గంటె తీసి తన మోకాలి పక్కన పెట్టుకున్నాడు.

దస్తగిరి మొహం మాడిపోయింది. ఇంతదూరం పడుతూ లేస్తూ వచ్చింది ఇందుకా అనిపించింది. అలిగిన పిల్లాడిలా పొయ్యి అవతల గోడ వైపు తిరిగి కూచున్నాడు. అలక ఎంతసేపు నిలుస్తుంది, లోపల అంత పెట్టుకుని? కాసేపటికి తనే కక్కేశాడు. కాటా, సూది, మేక, పిల్ల అన్న మాట. చెప్తూ చెప్తూ ఏడ్చాడు. తాత పప్పు ఎనపడం ఆపలేదు గానీ, చప్పుడు రాకుండా మెల్లగా ఎనిపాడు.

అంతా విని, "ఆ కణాలు చచ్చిపోయినాయంటివే" అన్నాడు. "బతికున్నప్పుడు ఏం చేస్తాయి అవి?"

"ఇప్పుడెందుకు తాతా ఆ పాఠం?"

"నువ్వు బాగా చెప్తావంట గదా. చెప్పు, విందాం."

దస్తగిరి ముక్కు తుడుచుకున్నాడు. "క్లోమంలో చిన్న చిన్న గుంపులుగా ఉంటాయి. ప్రతి గుంపు పక్కనా నెత్తురు పారుతుంటుంది. ఆ కణానికి ఒక వాకిలి ఉంది తాతా, దానికి గడియ లేదు. నెత్తుట్లో చక్కెర ఎంతుంటే, దానికి తగ్గట్టు లోపలికి వస్తుంది. వచ్చినదాన్ని కణం తింటుంది."

"తింటుందా?"

"తింటుంది. తనే తిని, లోపల కాల్చుకుంటుంది, మనం పొయ్యిలో కట్టె కాల్చినట్టు. దాని గోడకు ఎప్పుడూ తెరిచి ఉండే సందు ఒకటుంది. దాంట్లోంచి పొటాషియం బయటికి కారిపోతుంటుంది. లోపల మంట పెరిగితే ఆ మంట బలంతో సందు మూసుకుంటుంది. ఇది మూసుకోగానే ఇంకో తలుపు తెరుచుకుని కాల్షియం లోపలికి దూకుతుంది. ఇన్సులిన్ చిన్న చిన్న సంచుల్లో కట్టి సిద్ధంగా ఉంటుంది. కాల్షియం వచ్చి తట్టిందో లేదో, ఆ సంచులు గోడదాకా పోయి బయటికి గుమ్మరిస్తాయి. మొదట గోడకానుకుని ఉన్నవి ఒక్క ఊపున. తర్వాత వెనకవి నిదానంగా, ఆగి ఆగి. గుంపులో ఒకటి మేలుకుంటే పక్కదాన్ని లేపుతుంది. చేతులు పట్టుకుని ఉంటాయి తాతా అవి."

చెప్తున్నకొద్దీ పాత సారు బయటికొచ్చాడు. చెంపల మీద తడి ఆరనేలేదు, చేతులు మాత్రం గాలిలో బొమ్మలు గీస్తున్నాయి. 

"మళ్ళీ ఆపేదెప్పుడు?"

"చక్కెర తగ్గితే దానికి తిండి తగ్గుతుంది. మంట సన్నగిల్లుతుంది, మూసుకున్న సందు తెరుచుకుంటుంది. ఆగిపోతుంది."

"ఇంత ఇయ్యి అని దానికి చెప్పేదెవరు? మెదడా?"

"నోట్లో ముద్ద పడగానే మెదడు ఒక కబురు పంపుతుంది, పేగులు ఒక కబురు పంపుతాయి. కబురు వస్తే కొంచెం కదులుతుంది. ఎంత ఇయ్యాలనేది మాత్రం అదే చూసుకుంటుంది. నరాలు తెంపేసి, గాజుగిన్నెలో పెట్టి చక్కెర నీళ్ళు పోసినా ఇస్తుంది. తను తిన్నదాన్ని బట్టి..."

"తినకుండానే ఇచ్చేయదు గదా?"

"ఇయ్యదు తాతా. ఇస్తే ఇంకేమన్నా ఉందా? మనిషి..."

దస్తగిరి ఆగిపోయాడు. పొయ్యిలో కట్టె చిటపటలాడుతోంది. ఏళ్ళ తరబడి చెప్పిన పాఠం అది, నిద్రలో లేపినా తడుముకోకుండా చెప్పేది.

"నేనిచ్చినా తాతా" అన్నాడు. "బిడ్డ తింటుందో లేదో తెలీకముందే ఇచ్చినా."

తాత పప్పులో ఇన్ని నీళ్ళు పోసి, "నువ్వెందుకు తినవు?" అని అడిగాడు.

దస్తగిరి పొయ్యిలోకి చూస్తూ చెప్పాడు. "ముద్ద గొంతు దిగితే చాలు, నా లోపల అవి పని మొదలుపెడతాయి. నాకు తెలుస్తుంటుంది. ఏ సూదీ లేకుండా, ఏ లెక్కా లేకుండా, ఊరికే. నా ఒంట్లో లక్షలు లక్షలు ఉన్నాయి తాతా, దిట్టంగా. నా బిడ్డకు లేవు. దాని ముందర కూచుని నేను తింటే, దాని నోటికాడిది గుంజుకుని తిన్నట్టుంటుంది."

"ఈ మాట పిల్లకు చెప్పినావా?"

"ఏమని చెప్పేది?"

"చెప్పకపోతే అది ఏమనుకుంటాంటుంది?"

దస్తగిరికి ఇంక దాచుకోవడానికి ఏమీ లేదు. ముందుకు వంగి తాత మోకాళ్ళు పట్టుకున్నాడు. "దువా చెయ్యి తాతా. అన్నీ వద్దు. ఒక్క గుంపు మళ్ళీ పుట్టనియ్యి, చాలు." డాక్టరు అడగాల్సిన మాట కాదది. ఆయనకు తెలుసు. ఆ ఒక్క మాట అడగడానికే గుట్ట ఎక్కాడు.

"పుట్టవు" అన్నాడు తాత.

"నువ్వు అడిగినా పుట్టవా?"

"మా ఇంటామె కండ్లు పోయినప్పుడు అడిగినా. తల బాదుకుని అడిగినా. రాలేదు. ఆమె పోయిందాకా చెయ్యి పట్టుకుని నడిపించుకున్నా. నీకెందుకు అబద్ధం చెప్పేది నాయనా?"

దస్తగిరి ఆయన మోకాళ్ళు వదిలేశాడు. చదువు చెప్పిన నిజం ఎప్పుడో తెలుసు ఆయనకు. తెలిసి కూడా ఎక్కడో ఒక మూల, చదువుకు కనబడకుండా, ఇంత ఆశ దాచుకున్నాడు. అది కూడా పోయింది. ఏడుపు కూడా రాలేదు. బయట జనం విస్తళ్ళు పరుచుకుంటున్న చప్పుడు వినబడుతుంటే, లేచి ఎటుపోవాలో తెలీనట్టు అట్లాగే కూచుండిపోయాడు.

బంతి కూచుంది. గొర్రెల కాపరులు, కింది ఊళ్ళ ముసలమ్మలు, దారిన పోతూ ఆగిన లారీవాళ్ళు. అందరి ముందూ మోదుగాకు విస్తళ్ళు. హుసేన్‌బీ పక్కన మెహర్. దస్తగిరి వచ్చి, అలవాటు ప్రకారం సంచిలోంచి కాటా తీసి పిల్ల ముందు పెట్టాడు. వేలు గుచ్చి చూశాడు, చక్కెర సమంగానే ఉంది. కుండలోంచి తెచ్చిన రాగి సంగటి ముద్దను కాటా మీద పెట్టి, అంకె చూస్తూ కొంచెం తుంచాడు, మళ్ళీ కొంచెం అంటించాడు. బంతిలో అందరూ తిరిగి చూస్తున్నారు. పిల్ల తల నేలకు వాలిపోయింది. సూది తీశాడు. 

తాత అటుగా వచ్చాడు. వంగి, కాటా మీది ముద్ద తీసుకుని తన నోట్లో పెట్టుకున్నాడు.

ముద్ద పెద్దది. బుగ్గలు ఉబ్బాయి. ఆయన తొందరపడలేదు, నిలబడే నిదానంగా నమిలి మింగాడు. ఎవరో కిసుక్కుమన్నారు. దస్తగిరి ఖాళీ కాటా వైపు, తాత గొంతు వైపు మార్చి మార్చి చూశాడు.

మింగడం అయ్యాక తాత గంటె తీసి మెహర్ ముందు చాపాడు. "మీ నాయన తిననంటాడు. ఈ పూట నాకు వడ్డించే మనిషి లేదు తల్లీ. నువ్వు వస్తావా?"

మెహర్ తల ఎత్తింది. గంటె వైపు చూసింది.

"ముందు తినల్ల గదా?" అంది.

ఇన్నాళ్ళకు ఆ పిల్ల నోట వచ్చిన మొదటి మాట. హుసేన్‌బీ కొంగు నోట్లో కుక్కుకుంది.

"తినల్ల" అన్నాడు తాత.

"ఎంత?"

"కుండ ఎట్లుందో తెలిసేంత."

"తాతా, సూది..." అన్నాడు దస్తగిరి. తాత అటు చూడను కూడా చూడలేదు.

మెహర్ లేచి పోయి కుండ ముందు కూచుంది. కొంచెం సంగటి తీసుకుని, పప్పులో అద్ది, నోట్లో పెట్టుకుంది. నాలుక కదిలించి ఆలోచించింది. "ఉప్పు చాలలేదు" అంది.

"ముసలి నాలుక. నాకెట్ల తెలుస్తుంది?" అని తాత ఉప్పు డబ్బా చూపించాడు. పిల్ల ఉప్పు వేసి, కలిపి, మళ్ళీ తిని చూసి, అప్పుడు గంటె అందుకుంది.

వడ్డించడం మొదలుపెట్టింది. ఒక ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టి "చాలమ్మా, చాలు" అంటే అక్కడ ఆగి, ఆమె మొహం చూసి, ఇంకో గంటె పోసింది. ముసలమ్మ కాదనలేదు. దస్తగిరి కళ్ళు మాత్రం పిల్ల చేతుల మీద లేవు, పొట్ట మీద ఉన్నాయి. లోపలికి పోయింది కొంచెమే. అయినా పోయింది, సూది పడలేదు, చక్కెర మెట్టు మెట్టూ ఎక్కుతుంటుంది. లేవాలనిపించింది. మిషన్ దగ్గరికి జరుపుకుని కూచున్నాడు.

మెహర్ వరసగా అందరికీ వడ్డించుకుంటూ తండ్రి ముందుకు వచ్చి నిలబడింది.

"పెట్టనా?" అంది. ఆయన పలకకపోతే, "నువ్వు తినవులే" అంది తనే. "నాతో కలిసి తినాలంటే నీకు అసహ్యం."

"అసహ్యమా!" దస్తగిరికి ఎవరో లాగి చెంపమీద కొట్టినట్టయింది. "ఎవరు చెప్పినారు నీకు మా?"

"ఎవరు చెప్పల్ల? చూస్తానే ఉండా గదా. మరి ఎందుకు తినవు?"

చెప్పాడు. బంతిలో అందరూ వింటున్నారని కూడా చూసుకోలేదు. తాతకు చెప్పిందే చెప్పాడు, ఇంకా అధ్వాన్నంగా, మాటలు తడబడుతూ చెప్పాడు. నాకున్నాయి, నీకు లేవు, ఎట్లా తినేది మా, అన్నాడు.

పిల్ల ఆయన విస్తట్లో సంగటి పెట్టి, పప్పు పోసి, గంటె పక్కన పెట్టి, ఎదురుగా చతికిలబడింది.

"తిను" అంది. "నేను చూస్తా."

దస్తగిరి ముద్ద చేశాడు. నోట్లో పెట్టుకున్నాడు.  నమిలి మింగాడు. పిల్ల రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

"వస్తాందా నాయనా ఇప్పుడు? లోపల?"

"వస్తాంటుంది మా."

"ఎట్లుంటుంది?"

ఆయన కళ్ళు మూసుకుని నిజంగానే వెతుక్కున్నాడు. కడుపులో సంగటి వెచ్చగా ఉంది, అంతే.

"ఏమీ తెలీదు మా" అన్నాడు. "తెలుస్తుంటుందని నాకు నేనే అబద్ధం చెప్పుకున్నా. ఏమీ తెలీదు."

"నాకూ అట్లనే ఉండేది" అంది మెహర్. "ఉండేవి గదా నాక్కూడా. ఉన్నప్పుడు నాకు తెల్లేదు నాయనా."

అని ఏడ్చింది. రోగం వచ్చిన రోజు ఏడవలేదు ఆ పిల్ల. ఒళ్ళంతా సూదులు పొడిచినప్పుడు ఏడవలేదు. ఇప్పుడు భోరుమని, ముక్కు కారుతూ, పసిపిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది. దస్తగిరి ఎంగిలి చేత్తోనే దగ్గరికి లాక్కున్నాడు. "పోయినాయి మా" అన్నాడు. "ఇంక రావు. ఇప్పుడే తాతను కూడా అడిగినా. రావు." ఊరుకో అనలేదు. నేనున్నా గదా అనలేదు. ఇంట్లో చావు జరిగి మూడేళ్ళయింది, కాటాల గోలలో పడి ఎవరూ ఏడవనే లేదు. ఇప్పుడు తండ్రీకూతుళ్ళు ఆ చావు ఏడుపు ఏడ్చారు. పందిరి గుంజ పట్టుకుని హుసేన్‌బీ కూడా ఏడ్చింది.

బంతిలో వాళ్ళు చేతులు ఆపి చూస్తుంటే, తాత చెయ్యి ఊపి తినమన్నాడు. తిన్నారు.

ఏడుపు దానంతట అదే అయిపోయింది. మెహర్ చున్నీతో మొహం తుడుచుకుని, తండ్రి విస్తరి తన వైపు కొంచెం లాక్కుని, అదే విస్తట్లోంచి ఒక ముద్ద తీసుకుంది. దస్తగిరి సూది చేతిలోకి తీసుకున్నాడు. నోటిదాకా అంకె వచ్చింది. ఆపుకుని, ఈ మూడేళ్ళలో ఎన్నడూ అడగని మాట అడిగాడు.

"ఎంత వేద్దాం మా?"

"ఇంకా తినలేదు గదా" అంది మెహర్. "తిన్నాక చెప్తా."

దస్తగిరి సూది కింద పెట్టాడు.  పొయ్యి దగ్గర తాత పని లేకపోయినా కట్టెలు ఎగదోస్తున్నాడు.

పిల్ల నిదానంగా తింది. ఒకచోట ఆగింది. ఇంకొంచెం పెట్టుకుంది. ఇక చాలంది. విస్తరి వైపు చూసుకుని, తిన్నంత మనసులో అనుకుని, ఒక అంకె చెప్పింది. తండ్రి లెక్కకు దానికి కొంచెం తేడా ఉంది. ప్రాణం మీదికి వచ్చే తేడా కాదు, సాయంత్రానికి సరిచేసుకోవచ్చు. అయినా ఆయన పెదవులు కదిలాయి. కదిలి ఊరుకున్నాయి. సూదిలో ఆ అంకెకు మందు తీసి, పిల్ల చేతికిచ్చాడు.

మెహర్ దాన్ని పట్టుకుని తాత వైపు తిరిగింది. "ఇట్ల ఎన్నాళ్ళు తాతా?"

"తిన్నన్నాళ్ళు తల్లీ" అన్నాడు తాత.

మెహర్ ఆ మాట విని, చేతిలో సూది వైపు చూసింది. విస్తట్లో మిగిలిన సంగటి వైపు చూసింది.  తల్లి గానీ తండ్రి గానీ కదల్లేదు. తర్వాత చొక్కా అంచు పైకి జరిపి, పొట్ట మీద ఇంత చర్మం రెండు వేళ్ళతో పట్టుకుని, తనే గుచ్చుకుంది.